నాయకుడికి ఇంగ్లీషులో ఏమంటారు?

ఈసారి కూడా కొంచెం పొడుగ్గానే రాశాము, తీరిక చూసుకుని చదవండి. మేము చదివింది అంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరయినాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. రాతలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

సంగతేమంటే, మన విళా మలర్‌కు ఇంగ్లీషు పేజీలు మన పిల్లలు రాసి గ్రూపులో పెట్టారు. పగలంతా ఉద్యోగం చేసి రాత్రిళ్లు కూర్చుని రాశారు, ఆ కష్టాన్ని మేము తక్కువ చేయము. కాని అందులో విశ్వనాథ నాయకుడు కింగ్, తిరుమల నాయకుడు కింగ్, కట్టబొమ్మన్ కింగ్, మంగమ్మ క్వీన్. కడపటి పేజీలో మన కొత్త అధ్యక్షురాలు అక్కగారు చీఫ్. అందరికీ ఒకే కొలతకు చొక్కా కుట్టినట్టు ఉంది. మేము ఒక్క మాట అడ్డం చెప్పామో లేదో, గ్రూపులో ఒకటే గొడవ. "కింగ్ అంటే మనకే కదా గౌరవం, మీరెందుకు తగ్గిస్తారు మామా?" అని ఒక అబ్బాయి అడిగాడు. ఫోనులో రెండు లైన్లలో జవాబు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాము.

మేము రైల్వేలో గుమాస్తాగా వయసంతా గడిపాము. డివిజన్ ఆఫీసు నుంచి పోయే ఉత్తరం ఎవరైనా చూసి ఉంటే తెలుస్తుంది. కింద 'ఫర్ డివిజనల్ రైల్వే మేనేజర్' అని ఉంటుంది, సంతకం ఇంకొకరిది. ఆ 'ఫర్' లేకపోతే ఆ సంతకానికి విలువ లేదు. ఎవరి తరఫున, ఏ పనికి, ఎన్ని రూపాయల దాకా అని అధికారాల పట్టికే ఒకటి ఉంటుంది. ఆ పట్టికతో బతికినవాళ్లం కాబట్టి మాకు ఒకటి కనపడింది. మన పాత మాటల్లో కూడా ఈ 'ఫర్' ఉంది. కింగ్ అని రాయగానే అది రాలిపోతుంది.

మొదట నాయకుడు అన్న మాట. నడిపించేవాడు అని అర్థం. విజయనగరంలో నాయకుడంటే రాయల దగ్గర అమరం అనే భూమి పట్టుకుని, దానికి బదులుగా ఇంత సైన్యం పోషించి, ఇంత పైకం కట్టేవాడు. 1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వ్యాపారి నూనెజ్ వీళ్లను కాప్టెన్లు అన్నాడు. భూమంతా రాజుది, వీళ్లు గుత్తకు పట్టుకున్నవాళ్లలాంటివాళ్లని కూడా రాశాడు. కాప్టెన్ అన్నా, చీఫ్ అన్నా లాటిన్‌లో తలకాయ అనే మాట నుంచే వచ్చినవట. మన తమిళ తలైవర్ కూడా తలే కదా! ఎక్కడి వాళ్లకైనా పెద్ద అంటే తల గుర్తుకొస్తుంది కాబోలు. నాయకుడు మాత్రం తల కాదు, నడక.

ఇప్పుడు మన ఇండ్లల్లో చెప్పుకునే కథ తీసుకోండి. చోళుడు మదురైని లాక్కున్నాడని పాండ్యుడు రాయలకు మొరపెట్టుకుంటాడు. రాయలు నాగమ నాయకుణ్ణి పంపిస్తాడు. నాగముడు చోళుణ్ణి ఓడించి, మదురైని పాండ్యుడికి ఇవ్వకుండా తనే కూర్చుంటాడు. వాణ్ణి ఎవరు పట్టి తెస్తారని కొలువులో రాయలు అడిగితే లేచి నిలబడినవాడు నాగముడి సొంత కొడుకు విశ్వనాథుడు. తండ్రిని పట్టి తెచ్చాడు. రాయలు తండ్రిని క్షమించి, కొడుక్కు మదురైని ఇచ్చాడు. 1529 అని మనం లెక్క చెప్పుకునేది ఇక్కడి నుంచే. కథలో ఎంత నిజం, ఎంత అతుకు అన్నది పండితులు వాదించుకోనీ. కాని కథ దేని మీద నిలబడి ఉందో చూడండి. తండ్రి కింగ్ కావాలనుకున్నాడు, కొడుకు నాయకుడుగా ఉన్నాడు. ఇద్దరికీ ఒకే ఇంగ్లీషు మాట పెడితే, మన మూలకథలో గొడవేమిటో మన పిల్లలకే తెలియకుండా పోతుంది.

ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల్లో కొన్ని గవర్నర్ అన్నవి, కొన్ని వైస్రాయ్ అన్నవి, కొన్ని కింగ్ అన్నవి. వైస్రాయ్ అంటే రాజు స్థానంలో ఉన్నవాడు. విశ్వనాథుడికి అది సరిపోతుంది. తిరుమల నాయకుడి దగ్గరికి వచ్చేసరికి (1623 నుంచి 1659) కొంచెం ఇరుకు. ఆయన రాయలకు కప్పం ఆపినవాడు, మహల్ కట్టినవాడు, పుదుమండపం కట్టినవాడు, వండియూరు తెప్పకుళం తవ్వించినవాడు. కింగ్ అంటే ఆయనకు నప్పుతుంది, మేము ఒప్పుకుంటాము. అయినా నాయకుల శాసనాలు చాలావాటిలో రాయల పేరు ముందు చెప్పి, తరువాతే తమ పేరు చెప్పుకున్నారు. రాయల బలం పోయినాక కూడా ఆ 'ఫర్' కాగితం మీద మిగిలింది.

తమిళ పాత ప్రతుల్లో వీళ్లను కర్తాక్కళ్ అంటారు. ఈ మాట మాకు అన్నిటికంటే ఇష్టం. ఉమ్మడి కుటుంబానికి కర్త ఉంటాడు కదా. బ్యాంకులో సంతకం ఆయనదే, ఆస్తి మాత్రం ఆయన ఒక్కడిది కాదు. మదురైలో ఆస్తి ఎవరిది? చిత్తిరై తిరువిళాకు పోయిన ఎవరినైనా అడగండి. ఎనిమిదో రోజు మీనాక్షమ్మకు పట్టాభిషేకం చేసి చేతికి సెంగోల్ ఇస్తారు. చిత్తిరై నుంచి ఆవణి దాకా ఊరు అమ్మ ఏలుబడి, తరువాత సుందరేశ్వరుడిది. నాయకులు ఆ అమ్మ సన్నిధి నుంచే సెంగోల్ అందుకుని ఏలేవాళ్లు. మహల్లో ఎంత ఎత్తు సింహాసనం వేసుకున్నా, గుడిలో వాళ్లు కర్తలే.

కొలువులో మిగతా పదవులను పిల్లలు 'మినిస్టర్స్' అని ఒక్క మాటలో కట్టిపెట్టారు. దళవాయి సేనకు పెద్ద. ప్రధాని లెక్కలకూ పాలనకూ పెద్ద. అరియనాథ ముదలియార్ ఈ రెండూ చూశారు. మీనాక్షమ్మ గుడిలో వెయ్యి కాళ్ల మండపం ముందు గుర్రం మీద ఉన్నది ఆయనే. తెలుగు దొరల కొలువులో తమిళ ప్రధాని, ఇది కూడా మలర్‌లో రావాలి. రాయసం అంటే రాతపని చూసేవాడు, అంటే మావంటివాళ్లు! స్థానాపతి అంటే ఇంకొక కొలువులో మన తరఫున కూర్చునేవాడు. రాయవాచకం అనే తెలుగు వచనాన్ని విశ్వనాథ నాయని స్థానాపతి రాశాడని ఉంది. పేరు కూడా చెప్పుకోకుండా, ఎవరి తరఫువాడో మాత్రం చెప్పుకున్నాడు. ఆ పుస్తకాన్ని 1993లో ఫిలిప్ వాగనర్ అనే అమెరికా ఆయన ఇంగ్లీషులోకి తెచ్చారు. మన పిల్లలకు తెలుగు రాకపోయినా అదన్నా చదవవచ్చు.

ఇక మంగమ్మ. కొడుకు పోయాడు, మనవడు పసిబిడ్డ. 1689 నుంచి ఆ మనవడు విజయరంగ చొక్కనాథుడి పేరు మీద పదిహేనేళ్లకు పైగా ఏలింది. ఇంగ్లీషులో దీనికి సరైన మాట రీజెంట్. మా ఆఫీసు మాటలో చెప్పాలంటే పోస్టు ఇంకొకరిది, చార్జి ఈమెది. మేమూ అట్లాంటి చార్జీలు చూశాము. పని అంతా చేయాలి, జీతం పాతదే. రైల్వే జంక్షన్ ఎదురుగా ఉన్న సత్రం ఆమె పేరుతోనే ఉంది. గాంధీ మ్యూజియం ఉన్న తముక్కం ఆమె అరమనే. ఊళ్లు దాటి పోయే బాటలను జనం ఇంకా మంగమ్మ సాలై అంటారు. క్వీన్ అని రాస్తే ఏదో రాజుగారి భార్య అనుకుంటారు. రీజెంట్ అని రాస్తేనే ఆమె చేసిన పని తెలుస్తుంది. జనం రాణి మంగమ్మాళ్ అన్నారు కాబట్టి పేరులో రాణి ఉండనీ, పదవి మాత్రం రీజెంట్ అని రాయండి.

పాళెగాడి దగ్గర మాట ప్రాణం మీదికి వచ్చింది. పాళెం అంటే దండు దిగిన చోటు. తమిళంలో పాళయం, పాళయక్కారర్. మదురై కోటకు 72 కొత్తళాలు, 72 పాళయాలు అని సంప్రదాయం. ఇంగ్లీషువాళ్ల నోట ఇది పోలిగార్ అయింది. వాళ్ల కాగితాల్లో ఆ మాట వచ్చిన చోటల్లా పక్కన దోపిడీ, తిరుగుబాటు అన్న మాటలు కూడా వస్తుంటాయి.

కట్టబొమ్మన్ ఎవరి 'ఫర్'? పాంచాలంకురిచ్చి పాళయం ఒకప్పుడు మదురై నాయకులకు జవాబుదారీ. నాయకులు 1736తో పోయారు. తరువాత ఆర్కాటు నవాబు తనకే కప్పం రావాలన్నాడు. అప్పుల్లో మునిగిన నవాబు 1792 ఒప్పందంలో పాళెగాళ్ల దగ్గర వసూలు చేసుకునే హక్కును కంపెనీకి రాసిచ్చాడు. అంటే ఎవరినీ అడగకుండా ఉత్తరం అడుగున 'ఫర్' తరువాతి పేరు మార్చేశారు. మార్చిన పేరును ఆయన ఒప్పుకోలేదు. యుద్ధంలో పట్టుబడిన రాజును రాజుగా చూస్తారు. తమ కింద ఉన్నవాడు ఎదురు తిరిగితే రెబెల్ అంటారు. కంపెనీవాళ్లు రెండో మాట ఎంచుకున్నారు, 1799 అక్టోబరు 16న కయత్తారులో చింతచెట్టుకు ఉరి తీశారు. 1959 సినిమాలో శివాజీ గణేశన్ మాట్లాడిన తమిళం మనందరికీ కంఠతా వచ్చు. ఆయన ఇంట్లో మాట్లాడింది మాత్రం మన తెలుగే.

ఇక్కడ మాకు కూడా మనసు ఊగింది, నిజం చెప్తున్నాము. కింగ్ అని రాస్తే కంపెనీ చేసిన అన్యాయం పెద్దగా కనపడుతుంది కదా అనిపించింది. కాని ఆయన చెప్పింది తాను చక్రవర్తినని కాదు. మీకు జవాబు చెప్పవలసినవాణ్ణి కాను అని. పాళయక్కారర్ అనే రాసి, పక్కన రెండు వాక్యాలు వివరం రాస్తే అది ఇంకా గట్టిగా ఉంటుంది. పోలిగార్ అని మాత్రం రాయవద్దు. రాయలసీమలో కూడా ఇదే కథ. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరి తీసినప్పుడు కూడా పక్కన పెట్టిన మాట రెబెలే.

మిగిలిన పాళెగాళ్ల ఆయుధాలు లాక్కుని, 1803 నాటికి జమీందార్లు అనే కొత్త పేరు పెట్టారు. 1948 చట్టంతో మదరాసులో ఆ పేరూ పోయింది. నాయకుడు అన్న మాట ఇంకా కిందికి దిగింది. ఈరోజు సైన్యంలో నాయక్ అంటే చేతి మీద రెండు పట్టీలవాడు, కార్పొరల్. లాన్స్ నాయక్‌కు ఒక్క పట్టీ. రాయల కాలంలో నాడును ఏలిన మాట ఇది! మన పేర్ల చివర అదే నాయుడు, నాయక్కర్, నాయకర్ అయి తోకగా మిగిలింది. మా తండ్రిగారి పేరు ఒక కాగితంలో ఒక స్పెల్లింగు, ఇంకొక కాగితంలో ఇంకొకటి. ఒక ఆఫీసులో ఇద్దరూ ఒక్కరే అని అఫిడవిట్ తెమ్మన్నారు. ఇరవై రూపాయల స్టాంపు పేపరు మీద మా తండ్రి మా తండ్రే అని రాసిచ్చాము.

పిల్లలతో ఇంకొక మాట. మన పిల్లలను బయట 'వందేరి' అని అన్నవాళ్లున్నారు, వినినవాళ్లకు తెలుసు. అయిదు వందల ఏండ్లుగా ఇక్కడ పుట్టి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్లను. మనమే 'మా కింగ్ వచ్చి మదురైని గెలిచాడు' అని అచ్చువేస్తే ఆ మాటకు మనమే కాగితం ఇచ్చినట్టు. పంపితే వచ్చినవాళ్లం, మీనాక్షమ్మకు కర్తలుగా ఉన్నవాళ్లం అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

మన అధ్యక్షురాలు అక్కగారి సంగతి. చీఫ్ వద్దు. మన బైలాలో ప్రెసిడెంట్ అనే ఉంది, తమిళంలో తలైవర్. ప్రెసిడెంట్ అంటే ముందు కూర్చునేవారు. ఆడవారయినా మాట మార్చనక్కరలేదు. ఇంట్లో కూడా ఈ మార్పు వచ్చింది. 2015 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఉమ్మడి కుటుంబానికి పెద్దకూతురు కర్త కావచ్చని తీర్పు చెప్పింది. ఇది చెప్తే అక్కగారు నవ్వి, "మరి కర్త అనే వేయండి" అన్నారు. నోటీసులో అట్లా వేయలేము, రిజిస్ట్రారు ఒప్పుకోరు.

మలర్ అచ్చుకు పోవటానికి ఇంకా మూడు వారాలుంది. ఇంగ్లీషు పేజీల్లో నాయక, దళవాయి, ప్రధాని, పాళయక్కారర్ ఈ మాటలను అట్లే ఉంచి, మొదటి పేజీలో ఒక్కొక్కదానికి అర్థం వేద్దామని మా కోరిక. ఎవరి ఇండ్లలోనైనా తాత ముత్తాతల కాలం పట్టాలు, కర్ణం లెక్కలు, పెండ్లి పత్రికలు ఉంటే, అందులో పదవి పేరు ఎట్లా రాశారో ఫోటో తీసి మాకు పంపండి. కోయంబత్తూరువైపు సభ్యులు కూడా వెతకండి, అక్కడి మాటలు మాకు తక్కువ తెలుసు. పాత కాగితాన్ని మడత విప్పేటప్పుడు జాగ్రత్త, చిరిగిపోతుంది.