డీహ్యూమిడిఫైయర్‌తో ఇంట్లో బట్టలు ఆరబెట్టడం

ఉతికిన బట్టల్ని తలుపులు మూసిన గదిలో ఆరేసి, వాటి నుంచి గాలిలోకి చేరే తేమను డీహ్యూమిడిఫైయర్‌తో లాగేసే పద్ధతి ఇది. జపాన్, బ్రిటన్ దేశాల ఇరుకిళ్లలో బాగా పాతుకుంది. మెషిన్ పిండి తీసిన ఒక విడత బట్టల్లో కూడా సుమారు రెండు లీటర్ల నీరు మిగులుతుంది. ఆరుబయట ఆరేస్తే ఆ నీటి సంగతి ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. మూసిన గదిలో మాత్రం అది కిటికీ అద్దాలకూ చల్లటి గోడలకూ పట్టి, మూలల్లో నల్లటి బూజుగా తేలుతుంది. దాన్ని గోడకు చేరనివ్వకుండా డబ్బాలోకి దించడమే యంత్రం పని.

దీని మూలం ఒక అచ్చాఫీసులో ఉంది. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని సాకెట్-విల్‌హెల్మ్స్ అచ్చాఫీసులో వేసవి ఉక్కకు కాగితం సాగేది, గాలి పొడిబారితే ముడుచుకునేది. రంగుల బొమ్మకు ఒకే కాగితాన్ని రంగుకోసారి అచ్చు వేయాలి కనుక, రెండో రంగు మొదటిదాని మీద సరిగ్గా కూర్చునేది కాదు. గాలిని చల్లటి గొట్టాల మీదుగా పంపి తేమను 55 శాతం దగ్గర నిలిపే ఏర్పాటును పాతికేళ్ల ఇంజినీరు విల్లిస్ క్యారియర్ గీసి ఇచ్చాడు. ఎండాకాలం చల్లటి కుండనీళ్లు పోసిన చెంబుకు బయట చెమట పట్టినట్టే, గాలిలోని ఆవిరి ఆ గొట్టాల మీద నీరై జారుతుంది. ఏసీకి ఆద్యుడని క్యారియర్‌ను చెప్పుకుంటారు గానీ, ఆయన ముందు పట్టుకున్న సమస్య తేమే.

ఇళ్లలో వాడే కంప్రెసర్ రకం ఈ సూత్రం మీదే నడుస్తుంది. చల్లటి గొట్టాల దగ్గర నీరు వదిలేసిన గాలి, అదే పెట్టెలోని వేడి గొట్టాలను తాకి పొడిగా, కాస్త వెచ్చగా గదిలోకి తిరిగొస్తుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఖర్చవుతుంది. ఆవిరి మళ్లీ నీరైనప్పుడు ఆ వేడి గదికే దక్కుతుంది. యంత్రం పొదుపంతా ఇక్కడే ఉంది. గది బాగా చల్లబడితే మాత్రం గొట్టాల మీద మంచు పేరుకుని పని మందగిస్తుంది. అలాంటి చోట జియోలైట్ వంటి తేమ పీల్చే పదార్థంతో చేసిన చక్రం నెమ్మదిగా తిరిగే డెసికెంట్ రకం మేలు, కరెంటు ఎక్కువ తిన్నా సరే.

బట్టల కోసమే ఈ యంత్రాన్ని శ్రద్ధగా మలిచింది జపాన్ వాళ్లు. అక్కడ జూన్, జులై నెలల ముసురును త్సుయు అంటారు. గదిలో బట్టలారేయడానికి హెయాబోషి అని పేరే ఉంది. నెమ్మదిగా ఆరిన బట్టకు వచ్చే ముక్కవాసన వెనుక మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా ఉందని కావో సంస్థ పరిశోధకులు 2012లో వెల్లడించారు. ఎండినా, అతినీలలోహిత కిరణాలు తగిలినా తట్టుకోగల మొండి జీవి అది. అందుకే ఉతికి ఆరేసిన తువ్వాలు కూడా మళ్లీ తడవగానే కంపు కొడుతుంది. బట్ట ఎంత త్వరగా ఆరితే ఆ జీవికి అంత తక్కువ వ్యవధి. జపాన్ యంత్రాల్లో గాలి రెక్కలు కిందికీ పైకీ ఊగుతూ వేలాడే బట్టల అడుగు నుంచి గాలి కొడతాయి. మిత్సుబిషి ఎలక్ట్రిక్ నమూనాలు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌తో ఇంకా తడిగా ఉన్న చోటు కనిపెట్టి, గాలిని అటే తిప్పుతాయి. చొక్కా ఎప్పుడో ఆరిపోయినా జీన్స్ ప్యాంటు నడుము పట్టీ, జేబు లోపలి గుడ్డ చల్లగా చేతికి తగులుతూనే ఉంటాయని బట్టలు మడతపెట్టేవారికి తెలుసు.

బ్రిటన్‌లో పాత వంటిళ్ల కప్పుకు తాళ్లతో, కప్పీతో ఎత్తి దించే కర్రల చట్రం ఉండేది. మన పాత ఇళ్లలో మడిబట్టలు అందనంత ఎత్తున ఆరేసే దండెం లాంటిదే. పొయ్యి వేడీ, పొగగొట్టం లాగే గాలీ కలిసి ఆ తేమను బయటికి పంపేవి. తర్వాత కిటికీలకు రెండు అద్దాలొచ్చాయి, సందులు మూసుకుపోయాయి, తడిబట్టలు రేడియేటర్ల మీదికి చేరాయి. ఇళ్లలోని తేమలో 30 శాతం దాకా తడిబట్టల నుంచే రావచ్చని గ్లాస్గోలోని మాకింటోష్ ఆర్కిటెక్చర్ స్కూల్ పరిశోధన తేల్చింది. దీన్ని చూపించి బూజు నేరమంతా అద్దెకున్నవారి మీదికి నెట్టడం అన్యాయం. ఆరేసుకునే చోటే లేకుండా ఇల్లు కట్టినవారిదే ముందు తప్పు.

2022 అక్టోబరులో బ్రిటన్‌లో కరెంటు యూనిట్ ధర సగటున 34 పెన్నీలకు చేరింది. పాత రకం టంబుల్ డ్రయ్యర్ ఒక విడతకు నాలుగైదు యూనిట్లు కాలుస్తుంది. 200 వాట్ల డీహ్యూమిడిఫైయర్ ఐదు గంటలు నడిచినా ఒక్క యూనిట్టే. ఈ లెక్క చూసి కొన్నవారిలో అక్కడి తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కొనేవారు పెట్టె మీది అంకెను మాత్రం జాగ్రత్తగా చదవాలి. రోజుకు 20 లీటర్లు అని రాసినది చాలాసార్లు 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినది. జపాన్‌లో 27 డిగ్రీలు, 60 శాతం దగ్గర కొలుస్తారు. చలికాలపు గదిలో అందులో కొంతే వస్తుంది. చిన్న గది, మూసిన తలుపు, బట్టకూ బట్టకూ మధ్య బెత్తెడు ఎడం, ఇవి అంకె కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

తెలుగు నేల మీద ఏడాదిలో చాలా నెలలు ఎండే ఈ పని చేసిపెడుతుంది. ముసురు రోజుల్లో ఫ్యాను కింద కుర్చీల మీద ఆరేసుకోవడమో, ఏసీలో డ్రై మోడ్ పెట్టుకోవడమో చేస్తారు. ఏసీ కూడా అలాగే నీరు తీస్తుంది గానీ, వేడిని గోడ అవతలి యూనిట్‌తో బయటికి పంపేస్తుంది. డీహ్యూమిడిఫైయర్ ఆ వేడిని గదిలోనే ఉంచుతుంది. లండన్ జనవరిలో అది వరం. విశాఖ ఆగస్టులో బట్టలు ఆరతాయి గానీ, ఆ గదిలో మనిషి పడుకోలేడు.