ఒటావా లెక్క

రెండు దేశాలు పరస్పరం సుంకాలు తగ్గించుకొని, మూడో దేశపు సరుకుపై మాత్రం పాత సుంకమే ఉంచితే దాన్ని ప్రాధాన్య ఒప్పందమంటారు. ఆ తర్వాత వర్తకం పెరిగితే ఘనత ఒప్పందానిదేనని ప్రభుత్వాలు చాటుతాయి. ఆ మాటలో నిజమెంతో తేల్చడం అంత తేలిక కాదు. 1932 నాటి ఒటావా ఒప్పందమే ఇందుకు తార్కాణం.

అవి ఆర్థిక మాంద్యం రోజులు. అంతవరకూ స్వేచ్ఛా వాణిజ్యాన్ని వేదంలా వల్లించిన బ్రిటన్, 1932లో దిగుమతులపై 10 శాతం సాధారణ సుంకం వేసింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో కెనడాలోని ఒటావా నగరంలో సామ్రాజ్య దేశాల సభ జరిగింది. భారతదేశం పేరున అక్కడికి వెళ్ళిన ప్రతినిధులను ప్రజలు ఎన్నుకోలేదు. 1933 జనవరి నుంచి మన రేవుల్లో పెక్కు బ్రిటిష్ సరుకులకు 10 శాతం, మోటారు బండ్లకు 7½ శాతం ప్రాధాన్యం లభించింది. బదులుగా మన అవిసెగింజలు, వేరుశనగ మొదలైనవాటికి బ్రిటన్‌లో ప్రాధాన్యమిచ్చారు.

1931-32లో మన దిగుమతుల్లో బ్రిటన్ వాటా సుమారు 35 శాతం. 1933-34లో అది సుమారు 41 శాతం. ఒప్పందం ఫలించిందని దొరలు సంబరపడ్డారు. అయితే లెక్క ఏ ఏటి నుంచి మొదలెట్టారో చూడాలి. 1930, 1931 సంవత్సరాలు విదేశీ వస్త్ర బహిష్కారం ముమ్మరంగా సాగిన రోజులు. ఉద్యమం చల్లబడ్డాక తిరిగి వచ్చిన సరుకును కూడా సుంకం ఖాతాలో జమకట్టడం న్యాయమా? 1931 సెప్టెంబరులో పౌను విలువ పడిపోగా, రూపాయిని దానికే కట్టివేసిన సంగతి కూడా మరువరాదు.

అవిసెగింజల కథ మరీ విచిత్రం. 1933-34లో బ్రిటన్‌కు మన ఎగుమతి అమాంతం పెరిగింది. ఆ ఏడే, బ్రిటన్‌కు ప్రధానంగా గింజలు పంపే అర్జెంటీనాలో పంట దెబ్బతిన్నది. ఇందులో ప్రాధాన్యం పాలెంత, కరువు పాలెంత?

1950లో జేకబ్ వైనర్ ఒక మెలకువ చెప్పాడు. కొత్తగా పుట్టే వర్తకం వేరు, చౌకగా అమ్మేవాని నుంచి లాగి ప్రియంగా అమ్మేవానికి మళ్ళించే వర్తకం వేరు. ఈ మళ్ళింపు దెబ్బ రాయలసీమ రైతుకూ ఎదురైంది. మద్రాసు రాజధాని వేరుశనగకు పెద్ద గిరాకీ బ్రిటన్‌లో లేదు. ఫ్రాన్స్, జర్మనీ, హాలెండుల్లో ఉండేది. 1933లో ఫ్రాన్స్ తన వలస సెనెగల్ పంటను కాపాడేందుకు పరాయి నూనెగింజలపై సుంకం వేసింది. ఒటావాలో మన పేరున ఎత్తిన కత్తినే అక్కడ మన మీదికి తిప్పారు.

1962లో యాన్ టింబెర్జెన్ మరో కొలబద్ద తెచ్చాడు. రెండు దేశాల ఆదాయాలు, వాటి నడుమ దూరం బట్టి వర్తకం ఎంతుండాలో అంచనా కట్టి, ఒప్పందమున్న చోట అంతకు మించి ఎంతుందో చూడడం ఆ పద్ధతి. కామన్వెల్త్ ప్రాధాన్యం ఫలితం అందులో స్వల్పంగానే తేలింది. అయితే ముందునుంచీ వర్తకముండే దేశాలే ఒప్పందాలు చేసుకోవచ్చు. అప్పుడు ఏది కారణమో ఏది కార్యమో విడదీయడం కష్టం. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన మొత్తం లెక్కలను వదిలి, బ్రిటన్ దిగుమతులను సరుకు సరుకుగా విడదీసి చూసింది. ఆ దశాబ్దంలో సామ్రాజ్యం వైపు మళ్ళిన దిగుమతుల్లో అధిక భాగానికి సుంకాల విధానమే కారణమని తేల్చింది.

అంటే ప్రాధాన్యానికి బలం లేకపోలేదు. కాని వర్తకం దారి మళ్ళిందని నిరూపించినంతమాత్రాన, మళ్ళించబడినవారు బాగుపడ్డారని నిరూపించినట్లు కాదు. జపాన్ సరుకుపై అదనపు సుంకం చెల్లించింది ఇక్కడ కొనుక్కునేవాడు. బజారు దొరికింది అక్కడి మిల్లుదారుకు. 1936 మార్చిలో కేంద్ర శాసనసభ ఒటావా ఒప్పందాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. అయినా 1939లో కొత్త ఒప్పందం వచ్చేదాకా ఆ ఏర్పాటు కొనసాగింది. వర్తకం ఎంత పెరిగిందో చెప్పే లెక్కలు ముందుకొచ్చినప్పుడల్లా, ఎవరి ఖర్చుతో ఎవరికి పెరిగిందని అడిగే హక్కు మనకుంది.