బెంగళూరు భూగర్భ మెట్రో

బెంగళూరు మెట్రో రైలులో నేల కింద నడిచే భాగం. కన్నడిగులు దీన్ని ‘నమ్మ మెట్రో’ అంటారు, అంటే మన మెట్రో. అనంతపురం, ధర్మవరం, హిందూపురం నుంచి కూలికో, కొలువుకో, ఆసుపత్రికో బెంగళూరు చేరేవాళ్లకూ ఇది మనదే. హైదరాబాద్ మెట్రో స్తంభాల మీద నడుస్తుంది. అనంతపురానికి దగ్గరలో ఉన్న సొరంగపు రైలు ఇదొక్కటే.

2006 జూన్ 24న ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. తొలి దశ 42.3 కిలోమీటర్లు, అందులో 8.8 కిలోమీటర్లు సొరంగం. ఖర్చులో కొంత జపాన్ అప్పు. ఆ దేశానికి ఈ పని పాతదే: టోక్యోలో ఉయెనో, అసాకుసాల మధ్య 2.2 కిలోమీటర్ల సబ్‌వే 1927 డిసెంబర్ 30న మొదలైంది. అక్కడ వీధిని తవ్వి, సొరంగం కట్టి, పైన మళ్లీ కప్పేశారు.

బెంగళూరులో స్టేషన్లను అలాగే కట్టినా, వాటి మధ్య దారిని యంత్రాలతో తొలవాల్సి వచ్చింది. కష్టమంతా అక్కడే. బోరు వేస్తుంటే బండ తగలడమంటే ఏమిటో అనంతపురం రైతుకు చెప్పనక్కర్లేదు. ఈ నగరం కిందా గ్రానైటు, నైసు శిలలే. వాటి పైనున్న మెత్తటి మన్నులో పెద్ద పెద్ద గుండ్లు కూరుకుపోయి ఉంటాయి. మన్ను కోస్తూ పోయే యంత్రం ఉన్నట్టుండి గుండుకు తగిలితే దాని పళ్లు అరిగిపోతాయి. ఆ యంత్రాలకు హెలెన్, మార్గరీటా, కావేరి, కృష్ణ, గోదావరి అని పేర్లు పెట్టారు. వాటిలో గోదావరి కోత తల దెబ్బతిని నెలల తరబడి ఆగిపోయింది. పని ఆలస్యమైందని నిందించేవాళ్లు ఈ నేల గట్టిదనాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

2011 అక్టోబర్ 20న నడిచిన మొదటి రైలు స్తంభాల మీదిదే. తూర్పు–పడమర సొరంగం 4.8 కిలోమీటర్లు, 2016 ఏప్రిల్ 29న ప్రారంభమైంది. దక్షిణ భారతంలో తొలి భూగర్భ మెట్రో అదే. ఉత్తర–దక్షిణ సొరంగాన్ని 2017 జూన్ 17న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించడంతో తొలి దశ ముగిసింది.

ఈ రెండు మార్గాలూ మెజెస్టిక్ స్టేషన్‌లో, ఒకదాని కింద ఒకటిగా దాటుకుంటాయి. హిందూపురం రైలు దిగినవాళ్లు, అనంతపురం బస్సు దిగినవాళ్లు సంచులతో అక్కడే మెట్లు దిగుతారు. నాణెంలా ఉండే ప్లాస్టిక్ టోకెన్‌ను గేటుకు ఆనించగానే తలుపు తెరుచుకుంటుంది.

విమానాశ్రయానికి వెళ్లే నీలి మార్గం నిర్మాణం మొదలైంది. అనంతపురం బస్సులు వచ్చే 44వ జాతీయ రహదారి దారిలోనే, హెబ్బాళ మీదుగా అది సాగుతుంది.