కంప్యూటర్ ఆన్ కావట్లేదా? మదర్‌బోర్డు పోయిందనుకునే ముందు ఎస్‌ఎంపీఎస్ చూడండి

బటన్ నొక్కితే ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగిపోతుంది. రెండోసారి ఉలుకూ పలుకూ ఉండదు. నాలుగోసారికి ఏమీ జరగనట్టే ఆన్ అవుతుంది. ఏడెనిమిదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లున్న ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో, స్కూలు ఆఫీసుల్లో ఇది తరచూ కనిపించేదే. రిపేరు షాపుకు తీసుకెళ్తే ‘మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండి’ అనే మాట వినాల్సి రావచ్చు. నిజంగా బోర్డే పోయి ఉండొచ్చు కూడా. కానీ పాత కంప్యూటర్‌లో ఈ లక్షణాలు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది పవర్ సప్లైని. మెకానిక్‌లు ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే ఇనుప డబ్బా అదే. కొత్త కంప్యూటర్ ఖరీదులో దాని ధర చిన్న భాగం.

నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ తేడా తెలిస్తే డబ్బుతో పాటు ఒక రోజు కూడా మిగులుతుంది. నెల్లూరు-ముంబై హైవే మీదున్న సంగం వాళ్లకు జిల్లా కేంద్రం దగ్గరే. ఆత్మకూరు దాటి ఉదయగిరి దాకా వెళ్తే మాత్రం నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. సీపీయూ డబ్బాను బస్సులో ఒళ్లో పెట్టుకుని అంతదూరం పోయాక, తప్పు యూపీఎస్‌ది అని తేలితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సిటీలో ఉంటూ, ఊళ్లో నాన్న వాడే కంప్యూటర్ గురించి ఫోన్‌లో సలహా చెప్పేవాళ్లు కూడా కింది వరసలోనే అడిగి చూడండి. ఈలోగా ధ్రువపత్రం లాంటి అత్యవసర పని ఉంటే, ఏపీ ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009లో ఆ సేవ ఉందేమో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ఎందుకు పాడవుతుంది?

గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి ఇవ్వడం ఎస్‌ఎంపీఎస్ పని. అన్ని వోల్టేజీలూ కుదురుకున్నాక అది మదర్‌బోర్డుకు ‘సిద్ధం’ అనే సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందకపోతే ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. నాలుగోసారికి గానీ కంప్యూటర్ లేవకపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. లోపలి కెపాసిటర్లలో ఉండే ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఆరిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క చెబుతారు. నెల్లూరు ఎండలు, రోడ్డు పక్క దుమ్ము పేరుకున్న ఫ్యాన్ కలిస్తే ఆ డబ్బా ఎంత వేడెక్కుతుందో ఊహించుకోవచ్చు.

కంప్యూటర్ ఎప్పుడో ఒకసారైనా ఆన్ అవుతోందా? అయితే ఆ కాస్త సమయంలో రిపేరు సంగతి పక్కనపెట్టి ఫొటోలు, సర్టిఫికెట్లు, పాస్‌బుక్ స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. పదేపదే కరెంటు తెగినట్టు ఆగిపోతుంటే హార్డ్‌డిస్క్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎస్‌ఎంపీఎస్ మళ్లీ కొనుక్కోవచ్చు, పిల్లల ఫొటోలు కొనలేం.

ముందు డబ్బా బయట వెతకండి

యూపీఎస్‌ను తప్పించి సీపీయూ వైరును నేరుగా గోడ ప్లగ్గులో పెట్టండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్ బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్లకే నీరసిస్తుంది. కరెంటు ఒక్క క్షణం మినుకుమన్నా కంప్యూటర్ ఆగిపోతుంది. చూసేవాళ్లకు అది అచ్చం ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే ఉంటుంది. తర్వాత పవర్ కార్డ్ మార్చి చూడండి. మానిటర్ కార్డ్ చాలావరకు అదే రకం కాబట్టి కొత్తది కొననక్కర్లేదు. వదులైన ఎక్స్‌టెన్షన్ బాక్సును నమ్మొద్దు. సీపీయూ వెనక చిన్న ఆన్, ఆఫ్ స్విచ్ ఉంటే ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆఫ్ అయిందేమో చూడండి. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో దాని పక్కనే 115/230 అని రాసిన ఎర్ర మీట ఉంటుంది. అది 230 మీదే ఉండాలి. పిల్లలు 115కు జరిపితే, స్విచ్ వేసిన మరుక్షణం పెద్ద చప్పుడుతో డబ్బా పోతుంది.

ఇవన్నీ సరిగానే ఉంటే అప్పుడు లక్షణాలు చూడాలి. కాలిన వాసన, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగకపోవడం, గేమ్ లేదా వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే రీస్టార్ట్ కావడం, ప్లగ్ తీసి రెండు నిమిషాలు ఆగి పెడితే ఆన్ కావడం: ఇవి పవర్ సప్లై వైపు వేలు చూపిస్తాయి. బీప్ శబ్దాలు వస్తుంటే ముందు ర్యామ్ తీసి శుభ్రం చేసి పెట్టండి. ప్రతిసారీ తేదీ, సమయం వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. ఆన్ అయి పది నిమిషాలకు కచ్చితంగా ఆగిపోతుంటే ప్రాసెసర్ వేడెక్కుతుందేమో చూడాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని కనిపిస్తే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే అనే ప్రచారం ఒకటి ఉంది. కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే ఆ నంబరు చెబుతుంది, కారణం చెప్పదు.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు, వాడటం తెలిసినవాళ్లు ఒక అడుగు ముందుకు వెళ్లొచ్చు. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా, ఖాళీగా వేలాడే నాలుగు పిన్నుల కనెక్టర్‌లో నలుపు వైరుకు, పసుపు వైరుకు మధ్య కొలిస్తే 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు రావాలి. నలుపు, ఎరుపు మధ్య 4.75 నుంచి 5.25 రావాలి. ఏటీఎక్స్ ప్రమాణం ఒప్పుకునే తేడా ఐదు శాతమే. ఏ పనీ చేయనప్పుడు 12 చూపించి, బరువైన ప్రోగ్రామ్ తెరవగానే 11.2కు జారితే అనుమానం దాదాపు తీరినట్టే.

విడిగా తీసిన ఎస్‌ఎంపీఎస్‌లో పచ్చ వైరును నలుపు వైరుతో పిన్ను పెట్టి కలిపి ఫ్యాన్ తిప్పి చూపించే వీడియోలు యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. ఫ్యాన్ తిరగకపోతే డబ్బా పోయిందని అనుకోవచ్చు. తిరిగితే మాత్రం బాగున్నట్టు కాదు, ఎందుకంటే అప్పుడు దాని మీద బరువే లేదు. అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష, బాగా పనిచేసే మరో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటం. షాపులో అడగాల్సింది కూడా ఇదే: ‘వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి నా ముందు ఆన్ చేసి చూపించండి’. దానితోనూ లేవకపోతే అప్పుడు బోర్డు మాట వినొచ్చు.

ఒక్క హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం విప్పొద్దు. లోపల పెద్ద కెపాసిటర్ల మీద 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్ తీసిన తర్వాత కూడా అది కొంతసేపు నిలిచి ఉండొచ్చు.

కొత్తది పెట్టినా మళ్లీ పోతోందా?

అప్పుడు చూడాల్సింది ఇంటి కరెంటును. సింగిల్ ఫేజ్ ఇళ్లకు 230 వోల్టులు, ఆరు శాతం అటూ ఇటూగా, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య రావాలి. లైను చివర ఉన్న ఇళ్లకు మోటార్లు, ఏసీలు ఒకేసారి నడిచే వేళ ఇంతకంటే తక్కువ రావచ్చు. వోల్టేజీ పడిపోతే ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఇంకా ప్రమాదం. కొన్ని ఇళ్లకు 400 వోల్టుల దాకా వచ్చి టీవీలు, కంప్యూటర్లు ఒకేసారి కాలిపోతాయి. వీధిలో బల్బులు కొన్ని ఇళ్లలో ఎక్కువ వెలుగుతో, కొన్నింట్లో మసకగా వెలుగుతుంటే వెంటనే మెయిన్ ఆఫ్ చేయండి.

నెల్లూరు జిల్లాకు కరెంటు ఇచ్చేది ఏపీఎస్‌పీడీసీఎల్. ఫిర్యాదుకు 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి. గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్‌కు చెబితే స్థానికంగా త్వరగా చూసే వీలుంటుంది, కానీ నంబరు లేని ఫిర్యాదుకు తర్వాత రుజువు ఉండదు. తక్కువ, ఎక్కువ వోల్టేజీని ఎన్ని రోజుల్లో సరిచేయాలో విద్యుత్ నియంత్రణ మండలి గడువులు పెట్టింది. దాటితే పరిహారం అడిగే హక్కుంది. అప్పటికీ పట్టించుకోకపోతే డిస్కం పరిధిలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. 2003 విద్యుత్ చట్టం ఇచ్చిన దారి ఇది.

డబ్బాను తాకితే జివ్వుమంటోందా? అది ఎస్‌ఎంపీఎస్ లోపం కాకపోవచ్చు. చాలాసార్లు కారణం ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడమే. ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోయినా ఇలాగే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, మూడో పిన్ను విరగ్గొట్టి ప్లగ్ పెట్టే అలవాటు మానండి.

కొనేటప్పుడు డబ్బా మీద ‘450 వాట్స్’ అని పెద్దగా రాసిందే చూడొద్దు. లేబుల్‌లో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఇచ్చారో చూసి 12తో గుణించండి. 16 ఆంపియర్లే ఉంటే ఆ లైను మీద అసలు శక్తి 192 వాట్లు. బీఐఎస్ గుర్తు, దాని కింద ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, బిల్లు, వారంటీ ఉన్నవే తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెల్, హెచ్‌పీ, లెనొవో ఆఫీసు కంప్యూటర్లలో కొన్నింటికి మామూలు 24 పిన్నుల కనెక్టర్ సరిపోదు. పాత డబ్బా లేబుల్‌ను, కనెక్టర్లను ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి.

పోయిన డబ్బాను చెత్తబండిలో వేయొద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది గుర్తింపు పొందిన రీసైక్లర్‌కే చేరాలి. కొత్తది కొన్న షాపులోనే పాతదాన్ని తీసుకుంటారేమో అడిగి ఇచ్చేయండి.