ఫైలును ఎంచు పెట్టె – తెలుగు పేరు

కంప్యూటరు తెరపై ‘ఓపెన్’ అను మాటను నొక్కినంతనే ఫైళ్ల జాబితాతో తెరచుకొను చిన్న పెట్టెకు నలువది సంవత్సరములకు పైబడిన చరిత్ర కలదు. ప్రతి ప్రోగ్రాము తనకు తానుగా నిర్మించుకొన నవసరము లేకుండ ఇట్టి పెట్టెను 1984లో మెకింటాష్ యంత్రమే సమకూర్చెను. 1992లో విండోస్ 3.1 ఆ మార్గమునే అనుసరించెను. వాడుకరి ఎంచిన ఫైలు పేరును, అది యున్న చోటుతో సహా, ప్రోగ్రామునకు అందించుటయే దాని పని. ఫైలును తెరచునది ప్రోగ్రామే. ఈ భేదమును మరచుటచేతనే పెక్కుమార్లు నేరము పెట్టెపై మోపబడుచున్నది.

విండోస్ 3.1 కాలమున ఫైలు పేరు ఎనిమిది అక్షరములను, దాని తోక మూడక్షరములను మించరాదు. నాటి తెలుగు అచ్చు ఫాంట్లు రోమను అక్షరముల సంకేతములకే తెలుగు రూపములను తొడిగినవి. పుటలో తెలుగుగా కనబడు మాట ఎంపిక పెట్టెలో అర్థములేని గుర్తుల వరుస యగును. అందుచే తెలుగు గ్రంథమునకైనను ఫైలు పేరును ఆంగ్లలిపిలో నుంచుట అలవాటయ్యెను. చెన్నపురి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున తాళపత్ర ప్రతులకు సంఖ్య లున్నవి. అంతమాత్రమున సూచికలో గ్రంథనామము లోపింపలేదు. కంప్యూటరున మాత్రము లోపించినది.

1991లో యూనికోడ్ తొలి ప్రమాణము తెలుగునకు స్థాన మిచ్చెను. అయినను విండోసున తెలుగు చక్కగా కనబడుటకు 2001 నాటి ఎక్స్‌పీ రావలసివచ్చెను. అప్పుడు వేఱొక చిక్కు బయల్పడెను. విండోస్ ప్రోగ్రాములు ఈ పెట్టెను రెండు త్రోవల పిలువవచ్చును: ఒకటి యూనికోడు త్రోవ, రెండవది యంత్రమునకు నియమింపబడిన పాత సంకేత పట్టిక త్రోవ. తెలుగునకు విండోసున అట్టి పాత పట్టిక యెన్నడును లేదు. పట్టికలో లేని అక్షరమునకు ప్రశ్నార్థకము వచ్చి కూర్చుండును. ‘చరిత్ర’ అను మాట ఆరు సంకేతముల కూర్పు గనుక పాత త్రోవలో అది ఆరు ప్రశ్నార్థకములుగా మారగలదు. ప్రశ్నార్థకము విండోస్ ఫైలు పేర్లలో నిషిద్ధమే కదా! కావున తెరపై కన్నులకు గట్టినట్లున్న ఫైలు, ప్రోగ్రామునకు దొరకదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు ఐత్వమునకు సంబంధించినది. యూనికోడున ఐత్వమును ఒకే సంకేతముగ వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింది గుర్తును వేఱువేఱుగ చేర్చియు వ్రాయవచ్చును. ప్రమాణము రెండింటిని సమానముగనే ఎంచును. తెలుగు గుర్తులలో ఈ ద్వైధము ఐత్వమునకు మాత్రమే కలదు. ఆపిల్ సంస్థ 1998లో ప్రవేశపెట్టిన హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ అను ఫైలు వ్యవస్థ విడదీసిన రూపమునే భద్రపరచెడిది. కీబోర్డుపై టైపు చేసిన ‘చెన్నై’కిని, పెట్టె తెచ్చి యిచ్చిన ‘చెన్నై’కిని కంటికి భేదము లేదు, సంకేతములను పోల్చు ప్రోగ్రామునకు అవి రెండు పేర్లు. లినక్సు యంత్రమునకు చేర్చినచో రెండు ‘చెన్నై’లు ప్రక్కప్రక్కన నిలువనుగలవు. 1996లో తమిళనాడు ప్రభుత్వము మద్రాసును చెన్నైగా మార్చినది. దామర్ల చెన్నప్ప నాయకుని పేర వెలసిన ‘చెన్నపట్టణము’ అను తెలుగువారి పాత పలుకుబడియే నిలిచియున్నచో నగరనామమునకు ఈ తిప్పలు తప్పెడివి!

పొడవు విషయమున తెలుగునకు కొంత నష్టము కలదు. లినక్సున ఫైలు పేరునకు సాధారణముగ 255 బైట్లు హద్దు. తెలుగు సంకేత మొక్కొక్కటి మూడు బైట్లు గనుక 85 సంకేతములతో ఆ హద్దు ముగియును. ఒత్తులు, గుణింతములు కూడ ఈ లెక్కలోనివే.

దోషమును వెదకువారు మొదట పెట్టె అందించిన పేరును సంకేతములుగ విప్పి చూడవలెను. ప్రశ్నార్థకములు కనబడినచో పాత త్రోవను విడిచి యూనికోడు త్రోవను పట్టవలెను. 2019 నాటి విండోస్ 10 మొదలు యూటీఎఫ్-8ను తన సంకేత పట్టికగ ప్రకటించుకొను వీలు ప్రోగ్రామునకు కలిగినది. ఐత్వమున తేడా యున్నచో, పోల్చుటకు రెండు పేర్లను ఒకే రూపమునకు తెచ్చుకొనవచ్చును. తెరచుటకు మాత్రము పెట్టె ఇచ్చిన పేరునే మార్పులేకుండ వాడవలెను. కొందఱు సవరించిన పేరుతోనే తెరువబోయి, లినక్సున ఎదుటనున్న ఫైలునే లేదనిపించుకొనుచున్నారు.