ఎముకల పాఠం – కృత్రిమ ఎముకల చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను ఎముకల చరిత్ర ఎంచుకున్నాను. 1971 నుంచి 2003 వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సైన్సు చెప్పినవాణ్ణి. 2017లో స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, కృత్రిమ కీలు వేయించుకున్నవాణ్ణి కూడా. కాబట్టి ఈ విషయం నాకు రెండు వైపుల నుంచీ పరిచయమే.

మా మనవరాలు ఏడో తరగతి చదువుతోంది. రెండు నెలల క్రితం వాళ్ల సైన్సు టీచరు గారు, ఎముకల పాఠం తాతగారు వచ్చి చెబితే బాగుంటుందని కబురు పంపారు. నా ఎక్స్‌రే ఫిల్ము, ఐదు రోజులు వెనిగర్‌లో నానబెట్టిన కోడికాలి ఎముక సంచిలో వేసుకుని బయలుదేరాను.

ముందు ఆ ఎముకను పిల్లల చేతికిచ్చాను. వంచితే వంగింది! అందరూ నోళ్లు తెరిచారు. ఎముకకు గట్టిదనాన్నిచ్చే కాల్షియం లవణాలు ఆమ్లంలో కరిగిపోతే, కొల్లాజెన్ అనే పీచు మాత్రమే మిగులుతుంది. మన పెద్దలు మట్టిగోడకు గడ్డి కలిపి తొక్కేవారు కదా, ఎముకలోనూ అదే కిటుకు. పుట్టినప్పుడు మనకు సుమారు 300 ఎముకలు ఉంటాయి. పెరిగేకొద్దీ కొన్ని కలిసిపోయి 206 అవుతాయి.

ఈ లెక్క తేలడానికి చాలా కాలం పట్టింది. చరకుడు 360 అన్నాడు, సుశ్రుతుడు 300 అన్నాడు. వారు పళ్లను కూడా లెక్కలో వేశారు. ఐరోపాలో గేలెన్ మాట వెయ్యేళ్లకు పైగా వేదవాక్కుగా చెల్లింది. కాని ఆయన ఎక్కువగా కోసి చూసినవి కోతులు మొదలైన జంతువులను. 1543లో వెసాలియస్ మనుషుల శరీరాలనే పరిశీలించి, మనిషి కింది దవడ రెండు ఎముకలు కాదు, ఒకటేనని చూపించాడు.

ఇక కృత్రిమ ఎముకల సంగతి. 1890లో బెర్లిన్‌లో గ్లుక్ అనే వైద్యుడు, క్షయతో పాడైన మోకాలికి ఏనుగు దంతంతో కీలు చేసి అమర్చాడు. ఆలోచన మంచిదే గాని చీము పట్టడంతో నిలవలేదు. 1940లో అమెరికాలో ఆస్టిన్ మూర్, బోల్‌మన్ అనే వైద్యులు తొడ ఎముక పైభాగాన్ని లోహంతో చేసి పెట్టారు.

అసలు మలుపు ఇంగ్లండులో వచ్చింది. రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ లోహపు బంతికి టెఫ్లాన్ గిన్నె జతచేశాడు. రోగులు సంతోషంగా నడిచారు. రెండు మూడేళ్లలో గిన్నె అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని పాడుచేసింది. ఆయన తప్పు దాచుకోలేదు. ఆ రోగులకు తానే తిరిగి ఆపరేషన్లు చేశాడు. టెఫ్లాన్ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని పరీక్షించుకున్నాడు. చివరకు 1962లో గట్టి పాలిథిన్ గిన్నె వాడి విజయం సాధించాడు. కీలును ఎముకలో నిలబెట్టడానికి ఆయన వాడిన సిమెంటు, పళ్ల వైద్యులు వాడే యాక్రిలిక్ జాతిదే. నా తుంటిలో ఉన్నది ఆ వంశానికి చెందినదే.

ఎక్స్‌రే కిటికీకి ఆనించి ఇదంతా చెబుతుండగా వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "తాతగారూ, మా నాయనమ్మ పడి పది రోజులైంది. నాటుకట్టు కట్టించారు. లేవడం లేదు. ఆమెకు కూడా ఇది పెడతారా?" అన్నాడు.

నాకు మాట రాలేదు. నేను ఉద్యోగంలో చేరిన 1971లోనే మా అమ్మ పెరట్లో పడి తుంటి విరిగింది. వయసైపోయింది, ఇక ఇంతేనన్నారు అందరూ. నేనూ నమ్మాను. కాలికి ఇసుక సంచులు కట్టి పడుకోబెట్టాం. వీపంతా పుండ్లు పడి నాలుగు నెలల్లో పోయింది. చార్న్‌లీ విజయానికి అప్పటికి తొమ్మిదేళ్లు! సైన్సు మాస్టర్నై ఉండి నాకు ఆ సంగతే తెలియదు.

"పెడతారో లేదో డాక్టరు చూసి చెప్పాలి బాబూ. కాని ఆలస్యం చేయకూడదు" అన్నాను. ఆ సాయంత్రమే టీచరు గారితో కలిసి వాళ్లింటికి వెళ్లి, నా ఎక్స్‌రే చూపించి, వాళ్ల నాన్నతో మాట్లాడాను. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆపరేషన్ జరిగింది. ఇప్పుడావిడ వాకర్ పట్టుకుని వసారా దాకా వస్తున్నారు.

ఆ రోజు దారిలో మనవరాలు అడిగింది: "తాతయ్యా, అయితే నీకిప్పుడు 205 ఎముకలేనా?" తీసింది తొడ ఎముక తలను మాత్రమేననీ, ఎముక అలాగే ఉందనీ, కాబట్టి లెక్క 206 అనీ చెప్పాను.

మిత్రులారా, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ, రాత్రివేళ చిన్న దీపం పెట్టించుకోండి. పడినవారిని "వయసైపోయింది" అని మంచానికి వదిలేయకండి. మా అమ్మకు నేను చేయలేకపోయినది ఇంకెవరి అమ్మకైనా జరగాలనే ఈ నాలుగు ముక్కలు రాశాను.