గుణాత్మక పరిశోధన సాఫ్ట్‌వేర్: అధ్యాపకుల శిక్షణలో ఏది ముందు?

ఇంటర్వ్యూలు, క్షేత్ర పరిశీలన నోట్సు, పాత ఉత్తరాలు వంటి అంకెలకు లొంగని సామగ్రిని విశ్లేషించడానికి ఎన్‌వివో, అట్లాస్.టీఐ, మ్యాక్స్‌క్యూడీఏ వంటి సాఫ్ట్‌వేర్లు వాడుకలో ఉన్నాయి. వీటిపై అధ్యాపకులకు జరిగే శిక్షణ తరచుగా రెండు మూడు రోజుల వర్క్‌షాపుగా ఉంటుంది. ఫైలు ఎక్కించడం, పాఠంలోని భాగాలకు కోడ్ (గుర్తింపు పేరు) పెట్టడం, పటం గీయించడం అన్న వరుసలో అది నడుస్తుంది. ఈ వరుస వెనుక ఒక నమ్మకం ఉన్నట్లు తోస్తుంది: సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతికీ చెందని పనిముట్టు కాబట్టి, ముందు పనిముట్టు నేర్చుకుని పద్ధతి సంగతి తరవాత చూసుకోవచ్చునని. ఇది ఎంతవరకు నిలుస్తుందో ఆధారాలను బట్టి చూడాలి.

1. ముందుగా పుట్టుక. ఎన్‌వివో పుట్టిన సంవత్సరం ఏదంటే మూడు జవాబులు చెప్పవచ్చు. దాని పూర్వరూపమైన నుడిస్ట్ 1981లో మెల్బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాన్ని అమ్మే సంస్థ 1995లో ఏర్పడింది. ఎన్‌వివో అన్న పేరుతో సాఫ్ట్‌వేర్ 1999లో వచ్చింది. అట్లాస్.టీఐ విషయంలోనూ ఇదే చిక్కు. 1989–1992 మధ్య బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో నడిచిన పరిశోధన ప్రాజెక్టును లెక్కలోకి తీసుకోవాలా, థామస్ మూర్ దాన్ని అమ్మకానికి తెచ్చిన 1993నా? జర్మనీలోనే ఊడో కుకార్ట్జ్ 1989లో ‘మ్యాక్స్’ను రూపొందించారు. నేటి మ్యాక్స్‌క్యూడీఏకు మూలం అదే.

తేదీల్లోని ఈ తేడా చిన్నదే కావచ్చు గానీ, అమ్మకపు తేదీని పుట్టిన తేదీగా తీసుకుంటే ముఖ్యమైన సంగతి ఒకటి కనుమరుగవుతుంది. నుడిస్ట్‌ను తయారుచేసిన దంపతుల్లో లిన్ రిచర్డ్స్ సామాజిక శాస్త్రవేత్త, టామ్ రిచర్డ్స్ తర్కశాస్త్రం, కంప్యూటర్లు తెలిసినవారు. ఆమె క్షేత్ర పరిశోధనలో కుప్పపడిన కాగితాలను అదుపులోకి తేవడమే తొలి అవసరం. కనీసం ఈ ఉదాహరణలో విశ్లేషణ ముందు నడిచింది, సాఫ్ట్‌వేర్ దాని వెనక వచ్చింది. వర్క్‌షాపుల్లో ఈ క్రమం తలకిందులవుతున్నది.

2. పేర్లు కూడా కొంత సాక్ష్యమిస్తాయి. ‘మ్యాక్స్’ అన్నది సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వేబర్‌ను తలచి పెట్టిన పేరు. సేకరించిన సామగ్రి నుంచే సిద్ధాంతాన్ని రాబట్టే గ్రౌండెడ్ థియరీ సంప్రదాయంలో, మాట్లాడినవారి మాటనే కోడ్ పేరుగా వాడితే దాన్ని ‘ఇన్ వివో’ కోడ్ అంటారు. ఎన్‌వివో పేరు దాన్ని గుర్తుచేస్తుంది. అట్లాస్.టీఐ చాలా కాలం ఒక ప్రాజెక్టును ‘హెర్మెన్యూటిక్ యూనిట్’ (వ్యాఖ్యాన యూనిట్) అని పిలిచి, తరవాత మామూలుగా ‘ప్రాజెక్టు’ అనడం మొదలుపెట్టింది. ఎన్‌వివో 2020లో ‘నోడ్’ను ‘కోడ్’గా మార్చింది. పదజాలం సులువైన కొద్దీ దాని వెనకున్న పద్ధతి జాడ చెరిగిపోతున్నదని ఊహించవచ్చు. అయితే పేరు ఒక్కటే రుజువు కాదు.

3. ఎదురు సాక్ష్యమూ ఉంది. 1996లో కాఫీ, హోల్‌బ్రూక్, అట్కిన్సన్ ఒక వ్యాసంలో, ఈ సాఫ్ట్‌వేర్లు పరిశోధకులందరినీ గ్రౌండెడ్ థియరీ అనే ఒకే దారికి నెడుతున్నాయని ఆందోళన వ్యక్తం చేశారు. అదే ఏడాది లీ, ఫీల్డింగ్ దానికి బదులిచ్చారు. సాఫ్ట్‌వేర్ వాడిన అధ్యయనాలను పరిశీలిస్తే, ఎక్కువ వాటిలో గ్రౌండెడ్ థియరీతో స్పష్టమైన సంబంధం కనిపించలేదన్నది వారి వాదన. ఇది బలమైన అభ్యంతరమే. కానీ వ్యాసంలో ఒక పద్ధతి పేరు లేనంత మాత్రాన ఆ పద్ధతి ప్రభావం లేదని తేలదు. అసలు ఏ పద్ధతినీ ఎంచుకోకుండా కోడ్‌లు పెట్టుకుంటూ పోయారన్న అర్థానికీ అందులో చోటుంది. ఈ రెంటిలో ఏది నిజమో పేర్ల లెక్కింపుతో తేలేది కాదు.

4. శిక్షణకు సంబంధించి, బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయంలో 1994 నుంచి ఒక ప్రత్యేక ప్రాజెక్టు నడుస్తున్నది. దానితో చాలాకాలం పనిచేసిన క్రిస్టినా సిల్వర్, నికొలస్ వుల్ఫ్‌తో కలిసి ‘ఐదు అంచెల’ పద్ధతిని ప్రతిపాదించారు. పరిశోధన లక్ష్యం, విశ్లేషణ ప్రణాళిక మొదటి రెండు అంచెలు. పనిముట్ల ఎంపిక, వాటిని కలిపి వాడటం చివరి రెండు. నడిమి అంచెకు వారు పెట్టిన పేరు ‘అనువాదం’: విశ్లేషణ అడిగే పనిని సాఫ్ట్‌వేర్ చేయగల పనిగా మార్చడం. మామూలు వర్క్‌షాపు చివరి రెండు అంచెలకే పరిమితమవుతున్నదని ఈ లెక్కన చెప్పవచ్చు.

5. తెలుగులో సేకరించిన ఇంటర్వ్యూల దగ్గర ఈ నడిమి అంచె మరింత స్పష్టంగా బయటపడుతుంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠం యూనికోడ్ కాదు గనుక సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగుగా అందదు. యూనికోడ్‌లో ఉన్నా ‘నీరు’ అని వెతికితే ‘నీటికి’, ‘నీళ్లు’, ‘నీళ్లల్లో’ దొరకవు. మాటల లెక్క చూపే పటంలో ఇవన్నీ వేరువేరు మాటలుగా చెదిరిపోయి, ఊళ్లో నీటి ఎద్దడి గురించి గంటసేపు మాట్లాడిన మనిషి దాన్ని పెద్దగా పట్టించుకోనట్లు కనిపించవచ్చు. బటన్ ఎక్కడుందో తెలిసిన అధ్యాపకునికి ఈ ప్రమాదం తెలియాలని లేదు.

ఈ ఇబ్బందుల నుంచి తప్పించుకోవడానికి ఇంటర్వ్యూలను ముందే ఇంగ్లీషులోకి మార్చి కోడ్ చేయడం ఒక దారి. దానికీ వెల ఉంది. ‘కష్టం చేసుకుని బతుకుతున్నాం’ అన్న కూలీ మాటలో ‘కష్టం’ ప్రధానంగా ఒంటి చాకిరీ. అనువాదకుడు దాన్ని ‘సఫరింగ్’ అని రాస్తే, తన పనిని చెప్పుకున్న మనిషి బాధితుల కోడ్ కింద చేరిపోతాడు. ‘లేబర్’ అని రాస్తే ఆ మాటలో ఎంతో కొంత ఉండే నొప్పి పోతుంది. తెలుగు మాటనే ఇన్ వివో కోడ్‌గా నిలుపుకుంటే రెండూ మిగిలే అవకాశముంది. ఈ సాఫ్ట్‌వేర్లలో అందుకు వీలు కూడా ఉంది. ఆ వీలు ఎందుకుందో మొదటి పూటే చెప్పి, తెలుగు ఇంటర్వ్యూ రెండు పేజీలు కాగితం మీద రంగు పెన్సిళ్లతో కోడ్ చేయించి, కంప్యూటర్లు ఆ తరవాత తెరిపించే వర్క్‌షాపును పరీక్షగా నడిపి చూడవచ్చు.